ఆరేళ్ళ ఎనిమిది నెలలు

అద్దె ఇంటి వంటగది బల్ల దగ్గర నుంచి,
ఫిబ్రవరి 3

ఒరేయ్ లారీ,

డబ్బు మాటలు ఫోన్లో వద్దు, కాగితం మీదే అనుకుందాం అని ఒట్టు పెట్టుకున్నాం కదా. నీ పాత బండి ఎంతకి అమ్మాలనే దాని మీద ఫోన్లో అరుచుకుని నాలుగు నెలలు ముఖాలు చూసుకోకపోయిన దగ్గర్నుంచి మనకి ఇదే పద్ధతి. కాబట్టి కుదురుగా కూర్చుని చదువు. యార్డులో ఎవరికో వినిపించేలా పైకి చదవకు.

ఇల్లు దొరికింది. రెండు గదులు, ముందు ఒక చిన్న గది, వంటింట్లో బారెడు కిటికీ. ముందు గది చూడగానే అక్కడ నా పని బల్ల వేసేశాను, మనసులోనే అనుకో. ల్యాబులో ఎనిమిది గంటలు చేసేది కాక, ఇంటి దగ్గర కూడా కట్టుడు పళ్ళ సెట్లు చేసి ఇవ్వమని ఇద్దరు పళ్ళ డాక్టర్లు అడుగుతున్నారు. మూడేళ్ళు ఒక్క చోట ఉంటే దొరికిన గౌరవం ఇది. లేకపోతే నీకు తెలుసుగా, కొత్త ఊరు వెళ్ళిన ప్రతిసారీ విరిగిన పళ్ళ ప్లేట్లు అతికే పని దగ్గర మళ్ళీ మొదలుపెట్టాలి.

అసలు సంగతికి వస్తాను. బ్యాంకులో లోను చూసే అమ్మాయి మా ముందు రెండు కాగితాలు పక్కపక్కన పెట్టింది. మొదటి దాంట్లో మామూలు వడ్డీ, ఇరవై ఏళ్ళు. రెండో దాంట్లో వడ్డీ తక్కువ, ఇరవై ఏళ్ళూ మారదు. కానీ ఇప్పుడే కొంత సొమ్ము ముందుగా కట్టాలి. అది అప్పులోంచి తగ్గదు, తిరిగి రాదు. తక్కువ వడ్డీని మనం కొనుక్కోవడం అన్నమాట.

నాకు అంకెలు పళ్ళలో చెబితేనే బుర్రకెక్కుతాయి. ఆ ముందు కట్టే సొమ్ము రెండు వందల నలభై సెట్లకి నాకొచ్చే కూలి. దానివల్ల నెలవాయిదాలో మిగిలేది మూడు సెట్ల కూలి. భాగించుకో. ఎనభై నెలలు. అంటే ఆరేళ్ళ ఎనిమిది నెలలు ఆ ఇంట్లో ఉంటే పెట్టింది చేతికొస్తుంది, ఆ పైన ప్రతి నెలా లాభమే. ఈలోగా ఇల్లు అమ్మి కదిలితే మిగతాది బ్యాంకుకి దానం చేసినట్టే.

"మీరు ఈ ఇంట్లో ఎంతకాలం ఉంటారండీ?" అని అడిగింది ఆ అమ్మాయి, పెన్ను మూత తీసి. నేను మీ బావ వైపు చూశాను. ఆయన ఫ్యాను వైపు చూశారు.

పదిహేడేళ్ళలో తొమ్మిది ఇళ్ళు. ఎక్కడ రోడ్డు వేస్తే అక్కడికి, ఎక్కడ వంతెన కడితే అక్కడికి, ఆయన కొలతల పెట్టె వెనకాల నేను. నాకు ఇక్కడే ఉండిపోవాలని ఉంది. ఇంతకాలంలో మొదటిసారి ఈ మాట పైకి అంటున్నాను. ఉంటానా లేదా అన్నదే తేలడం లేదు. ఆ రేటు మా కోసం అరవై రోజులు మార్చకుండా ఉంచుతారట. ఏప్రిల్ నాలుగు లోపల ఏదో ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. మీ బావని అడిగితే "నీ ఇష్టం" అంటారు. నువ్వు చెప్పు. కట్టనా, మాననా?

నీ అక్క

*

లారీల యార్డు, రెండో గేటు పక్క గది,
ఫిబ్రవరి 14

పళ్ళక్కకి,

నువ్వు ఇల్లు కొంటున్నావన్న మాట చదివి టీ ఒలకబోసుకున్నాను. కాగితం మీద గోధుమరంగు మరక అదే. కంగారు పడకు, కన్నీళ్ళు కావు.

నీ ప్రశ్నకి జవాబు: కట్టకు.

ఇప్పుడు కారణం. ఇళ్ళు మార్చే పనిలో పన్నెండేళ్ళ నుంచీ ఉన్నాను. సామాను ఎక్కించేటప్పుడు ఇంటివాళ్ళు ఏమంటారో నా నోటు పుస్తకంలో రాసుకునే అలవాటు ఉందని నీకు తెలుసు. "ఇదే ఆఖరిసారి, ఇంక కదలం" అన్నవాళ్ళు ఇప్పటికి రెండు వందల ముగ్గురు. అందులో నూట ముప్ఫై ఒక్కరు మళ్ళీ నాకే ఫోను చేశారు. నీ పేరు ఆ జాబితాలో ఎన్నిసార్లు ఉందో చెప్పమంటావా? నాలుగు. ఐదో ఇంటి దగ్గరైతే నువ్వు నా చెయ్యి పట్టుకుని మరీ అన్నావు. పద్నాలుగు నెలల తర్వాత అదే చేత్తో నాకు తాడు అందించావు.

పైగా రేపు వడ్డీలు పడిపోతే అందరూ పాత లోను తీర్చేసి కొత్తది తీసుకుంటారు. అప్పుడు నువ్వు ముందు కట్టింది ఏమవుతుంది? మామూలు కాగితం మీద సంతకం పెట్టు, ఆ డబ్బు దగ్గర ఉంచుకో, హాయిగా పడుకో.

ముందు గది మాత్రం బాగుంటుంది. నాకు బల్ల వెడల్పు రాసి పంపు, తలుపులోంచి పడుతుందో లేదో చెబుతాను.

నీ లారీ

*

ల్యాబు, మధ్యాహ్నం టీ వేళ,
ఫిబ్రవరి 25

ఒరేయ్,

నూట ముప్ఫై ఒక్కరి సంగతి చెప్పావు, సంతోషం. మిగతా డెబ్భై ఇద్దరి సంగతి? వాళ్ళు ఎక్కడివాళ్ళు అక్కడే ఉన్నారుగా. వాళ్ళు నీకు ఫోను చెయ్యలేదు కాబట్టి నీ లెక్కలో మనుషులే కారు. నీ వ్యాపారానికి పనికిరాని వాళ్ళంతా లోకంలో లేనట్టే అనుకుంటే ఎలా?

నాలుగుసార్లు అన్నానని దెప్పావు చూడు, అది మాత్రం గుచ్చుకుంది. అన్నాను, నిజమే. కానీ ప్రతిసారీ కదిలించింది నా కాళ్ళు కాదు, ఆయన బదిలీ ఉత్తర్వులు. నన్నెప్పుడైనా ఎవరైనా "నీకు వెళ్ళాలని ఉందా" అని అడిగారా? నువ్వు అడిగావా? "గాజు సామాను ఏ పెట్టెలో పెట్టావు" అని అడిగేవాడివి.

సరే, కోపం అయిపోయింది. నిన్న మళ్ళీ బ్యాంకుకి వెళ్ళాను, ఒక్కదాన్నే. ఆ అమ్మాయి వయసు మన చిన్నాన్న కూతురంత ఉంటుంది, ఓపిక మాత్రం ముసలమ్మంత. వడ్డీలు పడితే అని నువ్వన్న మాట అడిగాను. "పడొచ్చండీ, పెరగొచ్చండీ, అది మాకే తెలిస్తే నేను ఈ కుర్చీలో ఉండను" అంది. నచ్చింది నాకు. "కష్టానికి అక్కరకొచ్చే డబ్బు విడిగా ఉందా మీ దగ్గర? అది లేకుండా మాత్రం ఇది కట్టకండి" అని కూడా చెప్పింది. ఉంది. ఆరు నెలల ఖర్చుకి సరిపడా పక్కన పెట్టాను. కాబట్టి ఆ బెంగ లేదు.

మిగిలింది ఒకే ఒక్క ప్రశ్న, ఎంతకాలం ఉంటామన్నది. దానికి ఆ అమ్మాయి దగ్గర ఫారం లేదు.

మీ బావ వైఖరి వింతగా ఉంది. ఆదివారం కొత్త ఇంటికి తీసుకెళ్తే టేపు తీసి ముందు గది మూడుసార్లు కొలిచారు. కొలిచి, నా బల్లకి వెలుతురు ఎడమ వైపు నుంచి రావాలి కదా అని కిటికీ దగ్గర సుద్దతో గీత గీశారు. పడకగది మాత్రం కొలవనే లేదు. "మంచం పడుతుందా చూడండి" అంటే "పడుతుందిలే" అన్నారు. కొలవకుండా ఆయన ఒక మాట చెప్పడం పదిహేడేళ్ళలో నేను వినలేదు.

బల్ల వెడల్పు రెండున్నర అడుగులు.

అక్క

*

దారిలో, పెట్రోలు బంకు క్యాంటీను నుంచి,
మార్చి 6

అక్కకి,

తొందరలో రాస్తున్నాను, వెనకాల పియానో ఉంది. దాని యజమానురాలు ముందు సీట్లో కూర్చుని గతుకు వచ్చినప్పుడల్లా నన్ను చూస్తోంది.

నిన్ను అడగలేదన్నావు. నిజమే, అడగలేదు. తప్పే. దాని గురించి తర్వాత నీ దగ్గరికొచ్చి తిట్లు తింటాను.

కానీ కట్టకు. ఇంటి పైకప్పు చూశావా? పాత ఇళ్ళ పైకప్పులు నమ్మకూడదు. ఆ డబ్బు పైకప్పుకి ఉంచు. లేదా ఆ డబ్బు కూడా మొదటి చెల్లింపులో కలిపి అప్పే తగ్గించుకో. అసలు ఇంకో ఏడాది అద్దెకే ఉంటే ఏం పోయింది? ఇళ్ళు ఎక్కడికీ పారిపోవు.

బల్ల పడుతుంది.

లారీ

*

వంటగది బల్ల, పెట్టెల మధ్య నుంచి,
మార్చి 15

లారీగారికి,

"గారు" చూసి భయపడ్డావా? భయపడు.

నీ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకున్నాను, బ్యాంకు అమ్మాయి పెట్టినట్టు. మొదటి దాంట్లో డబ్బు దగ్గర ఉంచుకో అన్నావు. రెండో దాంట్లో పైకప్పుకి పెట్టు అన్నావు, రెండు వాక్యాల తర్వాత అప్పులో కట్టెయ్ అన్నావు, ఆ వెంటనే ఇల్లే కొనకు అన్నావు. పైకప్పు వేసి నాలుగేళ్ళయింది, నేనే ఎక్కి చూశాను. నీకు అబద్ధం చెప్పడం చేతనై ఉంటే ఈపాటికి పెళ్ళయ్యేది.

చిన్నప్పుడు నా రంగు పెన్సిళ్ళు పోగొట్టి, పోయిన సంగతి చెప్పకుండా "అక్కా, అసలు బొమ్మలు వెయ్యడం కళ్ళకి మంచిది కాదు" అని వారం రోజులు నా వెంట తిరిగావు. ఇప్పుడు అచ్చం అలాగే రాస్తున్నావు. ఏదో దాస్తున్నావు. నీ వయసు నలభై, నాది నలభై నాలుగు. ఇంక ఈ దాగుడుమూతలు ఎందుకురా?

ఏప్రిల్ రెండున బ్యాంకులో టైము ఇచ్చారు. ఈలోపల నాకు నిజం కావాలి. నువ్వు దాచిన దానివల్ల నేను తప్పు కాగితం మీద సంతకం పెడితే, ఆ తప్పు ఇరవై ఏళ్ళు ఉంటుంది. నెలనెలా నీకు ఫోను చేసి గుర్తు చేస్తాను.

అక్క

*

లారీల యార్డు, తలుపు గడియ పెట్టుకుని,
మార్చి 22

అక్కా,

రంగు పెన్సిళ్ళు నేను పోగొట్టలేదు, కాలవలో పడ్డాయి. సరే, విను.

ఫిబ్రవరి మొదట్లో, నీ తొలి ఉత్తరం నాకు చేరకముందే, బావ యార్డుకి వచ్చాడు. చెప్పాపెట్టకుండా, ఆఫీసు సంచీ భుజానేసుకుని. టీ తాగాడు. నా బండి టైర్లన్నీ చూశాడు. అప్పుడు అడిగాడు, "మే మొదటివారంలో బండి ఖాళీ ఉందా?" అని. ఎక్కడికి బావా అంటే ఉత్తరాన కొత్తగా సొరంగం తవ్వుతున్నారట, ఇక్కడి నుంచి తొమ్మిది గంటల దారి. ప్రమోషను మీద వేశారట. "మీ అక్కకి నేనే చెబుతాను, నువ్వు నోరు మెదపకు" అని ఒట్టు వేయించుకున్నాడు.

వారం తర్వాత నీ ఉత్తరం. ఇంట్లో ఉండిపోతానంటావు, ముందు గదిలో బల్ల అంటావు. ఇక్కడ నా పుస్తకంలో మే నాలుగున మీ సామానుకి బండి రాసి ఉంది. నేనేం చెయ్యను చెప్పు? బావ ఇవాళ చెబుతాడు, రేపు చెబుతాడు అని చూశాను. చెప్పడే! అందుకే నోటికొచ్చిన కారణమల్లా రాశాను. మూడు నెలల్లో కదిలిపోయేదానివి ఆరేళ్ళ ఎనిమిది నెలల డబ్బు కట్టేస్తుంటే చూస్తూ ఎలా ఊరుకోను?

బావ మీద నాకూ కోపంగానే ఉంది. ఆ కోపంలో ఇంకో సంగతి కూడా రాసేస్తున్నాను. ఊరు ఊరంతా కొలిచే మనిషి, తన ఇంటి సామాను ఎంతో తెలియదు! చిన్న బండి చాలంటాడు. "బావా, నీ పెళ్ళాం పళ్ళ అచ్చులకే చిన్న బండి చాలదు" అన్నాను. "చిన్నదే రాయి" అన్నాడు. ఖర్చు దగ్గర పిసినారితనం అనుకుని, ఆయన వెళ్ళాక కొట్టేసి పెద్ద బండి రాశాను.

సంతకం పెట్టకు. ముందు ఆయన్ని అడుగు. నేను చెప్పానని చెప్పు, ఫరవాలేదు. ఒట్టు తప్పినందుకు ఏ కాలో చెయ్యో పోతే నా బండి నువ్వు నడుపుదువుగాని.

లారీ

*

వంటగది బల్ల దగ్గర నుంచి,
ఏప్రిల్ 5

ఒరేయ్ తింగరి లారీ,

పన్నెండేళ్ళుగా ఇళ్ళు మారుస్తున్నావు. ఎవరింటి గుమ్మంలో నిలబడినా ఎంత సామానో చూపుతోనే చెప్పేస్తావు. అలాంటివాడివి, చిన్న బండి అడిగాడంటే ఎందుకడిగాడో నీకు తట్టలేదా? నీ ఉత్తరం చదువుతూ ఆ మాట దగ్గర ఆగిపోయాను. పడకగది ఆయన ఎందుకు కొలవలేదో అప్పుడు అర్థమైంది.

ఉత్తరం పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను. కొలతల పరికరం నిలబెట్టే స్టాండు కాళ్ళు గుడ్డతో తుడుచుకుంటున్నారు. "చిన్న బండి ఎందుకండీ?" అన్నాను.

గుడ్డ మడిచి పక్కన పెట్టారు. "ఒక మంచం, ఒక బల్ల, రెండు పెట్టెలు. చాలదా?" అన్నారు.

"నాకు చెప్పకుండా?"

"చెబితే నువ్వు పెట్టెలు సర్దేస్తావు. తొమ్మిదిసార్లూ నేను రమ్మని అడగకముందే సర్దేశావు. నువ్వు సంతకం పెట్టాక చెబుదామనుకున్నాను. రెండేళ్ళ పని అది. అయ్యాక ఆఫీసులో కూర్చునే ఉద్యోగం ఇస్తామన్నారు, ఇక్కడే."

నేను కరిగిపోయాననుకుంటున్నావు కదూ? లేదు. ఒళ్ళు మండిపోయింది. తొమ్మిదిసార్లు నన్ను అడగకుండా తీసుకెళ్ళారు, పదోసారి నన్ను అడగకుండా వదిలేసి వెళ్తున్నారు. ఉండమనడం కూడా ఆయనే నిర్ణయించాలా? ఆ మాటే అన్నాను. రెండు రోజులు మాట్లాడుకోలేదు. మూడో రోజు పొద్దున నేను కాఫీ కలుపుతుంటే గుమ్మంలో నిలబడి, "నీకు రావాలని ఉందా, ఉండాలని ఉందా?" అని అడిగారు. పదిహేడేళ్ళకి అడిగారు. నేను స్టవ్ కట్టేసి అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాను. ఆయన వచ్చి పక్కన కూర్చున్నారు, కాఫీ మాత్రం ఇద్దరం తాగలేదు.

ఉండాలని ఉంది అన్నాను.

రెండో తారీఖున బ్యాంకుకి వెళ్ళాం. ముందు కట్టే కాగితం మీదే సంతకం పెట్టాను. లెక్క కుదిరి కాదు. ఆయన అక్కడ ఒంటరిగా ఒక్క వారం జ్వరంతో పడుకుంటే నేను పెట్టెలు దించుతానని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. ఇప్పుడు కదిలితే రెండు వందల నలభై సెట్ల పళ్ళు నీళ్ళలో పోసినట్టే. ఆ నష్టం తలుచుకుంటే నా కాలు గడప దాటదు. నాకు కావలసింది అదేరా. తక్కువ వడ్డీ తర్వాత సంగతి, నన్ను నేను కట్టేసుకోవడానికి ఒక తాడు కొనుక్కున్నాను.

ఒక్కటే దిగులు. ఆయన తిరిగి వస్తానంటున్నారు. ఆయన మాట మీద నమ్మకం ఉంది, ఆ ఆఫీసు మాట మీద లేదు. సొరంగం అయ్యాక ఇంకో సొరంగం అంటే? కాగితం మీద రాసివ్వమంటే, "రాయడానికి నా దగ్గరేముంది, మాటే ఉంది" అన్నారు. ఆ మాట పట్టుకునే ఆరేళ్ళ ఎనిమిది నెలలు మొదలుపెడుతున్నాను. పగలు ధైర్యంగానే ఉంటుంది.

పెద్ద బండి కొట్టేసి చిన్నది రాయి. ఆయన్ని జాగ్రత్తగా దింపు. దారిలో తిట్టాలనిపిస్తే తిట్టు, నా వంతు కూడా కలుపుకో.

అక్క

*

సొరంగం కాలనీ, బావ గదిలో పెట్టె మీద కూర్చుని,
మే 5

పళ్ళక్కకి,

క్షేమంగా చేర్చాను. గది చిన్నది, కిటికీ తెరుచుకుంటుంది, పక్క గదిలో ఉన్నాయన వంట చేస్తాడట. మంచం నేనే బిగించాను. బావ టేపుతో కొలిచి గోడకి సమానంగా లేదన్నాడు, రెండుసార్లు జరిపించాడు. కాబట్టి ఆరోగ్యంగానే ఉన్నాడు.

దారిలో నీ వంతు తిట్లు మొదటి గంటలోనే ఇచ్చేశాను. తలవంచుకుని విన్నాడు. నా వంతు మొదలుపెట్టేసరికి నిద్రపోయాడు.

ఏడో గంటలో లేచి అడిగాడు, "ఒరేయ్, రెండేళ్ళ తర్వాత తిరుగు ప్రయాణానికి ఇప్పుడే డబ్బు కట్టేస్తే ఎంత తగ్గిస్తావు?" నేను నవ్వాను. రెండేళ్ళకి డీజిలు ఎంతుంటుందో ఎవడికి తెలుసు బావా, మూడు నెలల తర్వాతి రేటే నేను ఎవరికీ చెప్పను అన్నాను. "కడతానంటే తీసుకుంటావా, లేదా?" అన్నాడు. ఆ గొంతు విని బండి పక్కకి ఆపాను.

వ్యాపారం వ్యాపారమే అని ముందే చెప్పాను. "చూడు బావా, ఇవాళ్టి రేటే వేసుకుంటాను, అందులోనూ పదోవంతు తగ్గిస్తాను. కానీ మధ్యలో నిన్ను ఇంకో చోటికి వేశారనుకో, నువ్వు వెళ్ళావనుకో, ఒక్క పైసా వెనక్కి ఇవ్వను. అక్క వచ్చి అడిగినా ఇవ్వను."

"అందుకేరా కడుతున్నాను" అన్నాడు. సీటు మీదే డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు.

రసీదు తన పేరు మీద కాదు, నీ పేరు మీద రాయమన్నాడు. ఇందులో పెట్టి పంపిస్తున్నాను, జాగ్రత్త చేసుకో. తిరుగు ప్రయాణం తేదీ నేను ఖాళీ వదిలితే తనే నింపాడు. ఎక్కడికి చేర్చాలి అన్న గడిలో అడ్రసు రాయమంటే, "ఇంటికి" అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టేశాడు. అంత పెద్ద కొలతల బావ, అడ్రసు రాయడం రాదు.

నేను దిద్దలేదు.

నీ లారీ